ఆస్బెస్టాస్ ఉండుంటే ఆ భవనం కూలేది కాదా?

ఎక్కడైనా పెద్ద భవనం తగలబడితే చాలు, వారం తిరక్కుండా ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "పాతరోజుల్లో ఆస్బెస్టాస్ వాడేవాళ్లు కాబట్టి ఇలా జరిగేది కాదు. ఆరోగ్యం, పర్యావరణం అంటూ దాన్ని తీసేయించారు, ఇప్పుడు అనుభవిస్తున్నాం." అనేవాళ్లలో ఇంజనీర్లూ ఉంటారు, ప్రతి విషయం మీదా అభిప్రాయం ఉన్నవాళ్లూ ఉంటారు. 2012లో డొనాల్డ్ ట్రంప్ కూడా ట్విట్టర్‌లో ఇదే ధోరణిలో రాశారు: ఆస్బెస్టాస్ తీసేసి దాని బదులు పనికిరాని చెత్త పెట్టకపోయుంటే న్యూయార్క్ జంట టవర్లు కాలిపోయేవే కావని.

ఇది ఉత్త పిచ్చిమాటే అయితే ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు. ఇందులో కొంత నిజం ఉంది. ఆస్బెస్టాస్ అంటే సన్నటి పోగులుగా విడిపోయే ఖనిజం. నిప్పుకు అంటుకోదు, వేడిని తొందరగా పోనివ్వదు, చవక, తేలిక, దేనితోనైనా కలుస్తుంది. ఇన్ని మంచి గుణాలు ఒక్కచోట ఉన్న ఖనిజం దొరికితే కట్టేవాళ్లు వదులుకుంటారా? నా పేచీ దానితో కాదు. ఆ గుణాల మీద కట్టిన లెక్కతో. "అగ్నిప్రమాదాల నుంచి ఎన్నో ప్రాణాలు కాపాడింది, బదులుగా కొందరికి జబ్బు చేసింది, ఏదైనా కావాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి కదా" అంటారే, ఆ లెక్క మొదటి నుంచీ తప్పు. కాపాడిన పని ఇంకో పదార్థం కూడా చేయగలిగేది. పైగా రక్షణ దక్కింది ఒకళ్లకు, ప్రాణం పోయింది ఇంకొకళ్లకు.

ముందు ఉక్కు సంగతి. ఉక్కు కాలదని అందరికీ తెలుసు. కరగాలంటే సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ కావాలి, గదిలో సామాను కాలితే వచ్చే మంటకు అంత వేడి ఉండదు. అందుకని ఉక్కు భవనానికి భయం లేదనుకుంటే పొరపాటు. ఉక్కు కరగక్కర్లేదు, మెత్తబడితే చాలు. 550, 600 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది. ప్రయోగశాలల్లో అగ్నినిరోధకతను పరీక్షించే ప్రామాణిక కొలిమిలో వేడి అరగంటకే 840 డిగ్రీలు దాటుతుంది, గంటకు 945కి చేరుతుంది. ఏ కవచమూ లేని సన్నపాటి దూలం ఆ వేడిలో పావుగంట, ఇరవై నిమిషాల్లో చేతులెత్తేస్తుంది. దూలం వంగితే దాని మీది అంతస్తు, ఆ అంతస్తు కింది స్తంభాలు, అన్నీ ఒకదాన్నొకటి లాగుతాయి.

ఉక్కు మీద వేసే కవచాన్ని ఫైర్‌ప్రూఫింగ్ అంటారు. ఆ మాట మనల్ని తప్పుదారి పట్టిస్తుంది కానీ, ఆ పూత మంటను ఆర్పదు, ఆపదు. ఉక్కుకు వేడి చేరడాన్ని వాయిదా వేస్తుంది. అంతే. గంట, రెండు గంటలు, మూడు గంటలు అని లెక్క. ఆలోగా మనుషులు మెట్లు దిగాలి, ఫైర్ సిబ్బంది లోపలికి వెళ్లి పని ముగించాలి. ఇది గుర్తుంటే తర్వాతి ప్రశ్న దానంతటదే వస్తుంది: ఈ వాయిదా వేసే పని ఎవరెవరు చేయగలరు?

చాలామంది చేయగలరు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కట్టిన ఉక్కు భవనాల్లో స్తంభాల చుట్టూ కాల్చిన మట్టి దిమ్మెలు పేర్చేవాళ్లు. తర్వాత కాంక్రీటులో పొదిగారు. జిప్సమ్ పూశారు. జిప్సమ్ బరువులో ఐదో వంతు నీరే, స్ఫటికంలో కట్టుబడి ఉంటుంది. వేడి తగిలితే ముందు ఆ నీరంతా ఆవిరవ్వాలి, అందాకా వెనకున్న ఉక్కు చల్లగానే ఉంటుంది. వర్మిక్యులైట్‌ని (వేడికి ఉబ్బే, అభ్రకం లాంటి ఖనిజం) సిమెంటులోనో జిప్సమ్‌లోనో కలిపి పూసే పద్ధతీ ఉంది. ఇవన్నీ పనిచేస్తాయి. కాకపోతే కాంక్రీటు బరువు, దాన్ని మోయడానికి దూలాలు ఇంకా లావుగా కావాలి. చేత్తో పూసే పూతలకు కూలీ ఎక్కువ, టైము ఎక్కువ. ఆకాశహర్మ్యాలు కట్టేవాళ్లకు టైమంటే వడ్డీ.

ఇక్కడే స్ప్రే రంగంలోకి దిగింది. 1930ల మొదట్లో బ్రిటన్‌లో ఆస్బెస్టాస్ పోగుల్ని కొద్దిగా సిమెంటుతో కలిపి గొట్టంతో కొట్టే పద్ధతి వచ్చింది. ఆ మిశ్రమాల్లో కొన్నిటిలో 85 శాతం దాకా ఆస్బెస్టాసే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో ఆఫీసు టవర్ల జోరు పెరిగాక ఈ పద్ధతి ఊపందుకుంది. ఎంత వంకర దూలమైనా, ఎన్ని మూలలున్నా గొట్టం తిప్పితే చాలు, పీచు వెళ్లి అంటుకుంటుంది. పలకలు కోయక్కర్లేదు, మేకులు కొట్టక్కర్లేదు.

అసలు విషయం ఏమిటంటే, అమెరికన్ మిశ్రమాల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ వాటా తక్కువే. మిగతాది ఖనిజ ఉన్ని (రాయిని కరిగించి తీసే పీచు), సిమెంటు లాంటివి. వేడిని ఆపుతున్నది ముఖ్యంగా ఆ పీచులో చిక్కుకున్న గాలి, సిమెంటు లాంటి బంధకంలో ఉన్న నీరు. ఆస్బెస్టాస్ చేసే పని, మిశ్రమం జారిపోకుండా పట్టి ఉంచడం, తేలిగ్గా స్ప్రే అయ్యేలా చేయడం. అంటే దాని గొప్పతనంలో మంటలతో పోరాటం ఎంతో, కాంట్రాక్టరుకు కలిసొచ్చే సౌకర్యం కూడా అంతే. ఆస్బెస్టాస్‌లో తెలుపు, నీలి, గోధుమ అని రకాలున్నాయి. ఎక్కువగా వాడిన తెల్ల ఆస్బెస్టాస్ కూడా నిప్పుకు అతీతమేమీ కాదు. 600 డిగ్రీలు దాటాక దాని స్ఫటికంలోని నీరు పోవడం మొదలవుతుంది, 800 దాటేసరికి అది ఇంకో ఖనిజంగా మారిపోతుంది.

ఇప్పుడు జంట టవర్లకు వద్దాం, ఎందుకంటే వాదన ఎప్పుడూ అక్కడికే వస్తుంది. ఉత్తర టవర్ కడుతుండగా 1970లో ఆస్బెస్టాస్ స్ప్రేని ఆపేశారు. అప్పటికి 38వ అంతస్తు దాకా వచ్చారు. ఆ పైన ఆస్బెస్టాస్ లేని ఖనిజ ఉన్ని స్ప్రేతో కొనసాగించారు. 2001లో విమానం ఉత్తర టవర్‌ను ఢీకొట్టింది 93 నుంచి 99 అంతస్తుల మధ్య, దక్షిణ టవర్‌ను 77 నుంచి 85 మధ్య. "చూశారా, ఆస్బెస్టాస్ లేని చోటే" అంటారు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఎస్‌టీ మూడేళ్లు పరిశోధించి 2005లో ఇచ్చిన నివేదిక ఏం చెప్పిందంటే, విమానం తాకిడికీ, శకలాలకీ ఆ పూత ఊడిపోయి ఉక్కు బట్టబయలైంది. పూత ఊడకుండా ఉండుంటే టవర్లు బహుశా నిలబడేవని కూడా అదే నివేదిక చెప్పింది. అంటే ఆస్బెస్టాస్ లేని ఆ పూత, ఉక్కు మీద ఉన్నంతవరకూ, చేయాల్సిన పని చేయగలిగేదే.

మరి ఆస్బెస్టాస్ కలిసిన స్ప్రే అయితే విమానం గుద్దినా ఊడేది కాదా? అలా అనుకోవడానికి ఆధారం లేదు. రెండూ దూదిలా మెత్తగా, వేలితో గీకితే రాలేవే. ఆ కట్టడంలో నిజంగా అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. అంతస్తులను మోసే ట్రస్సుల (ఉక్కు కడ్డీలతో అల్లిన తేలికపాటి దూలాల) మీద మొదట్లో అనుకున్న పూత మందం అరంగుళం. ఆ మందం ఎన్ని గంటలు ఆగుతుందో పరీక్షించి నిర్ణయించినట్టు ఎన్‌ఐఎస్‌టీకి ఆధారం దొరకలేదు. తర్వాతి రోజుల్లో దాన్ని ఒకటిన్నర అంగుళానికి పెంచాలని నిర్ణయించి, ఖాళీ అయిన అంతస్తుల్లో ఒక్కొక్కటిగా పెంచుకుంటూ వచ్చారు. మందం ఎంత, గట్టిగా అంటిందా, ఎవరైనా చూస్తున్నారా అన్నవి భవనాన్ని నిలబెట్టే ప్రశ్నలు. ఏ ఖనిజం అన్నది వాటి తర్వాతే.

ఒక పాత ఉదాహరణ కూడా చెప్పాలనిపిస్తోంది. 1903 డిసెంబర్ 30న షికాగోలోని ఇరోక్వాయ్ థియేటర్ కాలిపోయింది. నిప్పు అంటనే అంటదని ప్రచారం చేసుకున్న కొత్త థియేటర్. 602 మంది చనిపోయారు. వేదికకూ ప్రేక్షకులకూ మధ్య దించాల్సిన ఆస్బెస్టాస్ తెర సగంలో ఇరుక్కుపోయింది. తర్వాత చూస్తే అందులో కలప గుజ్జు కలిపి ఉందని తేలింది. అత్యవసర ద్వారాలు తెరుచుకోలేదు, కొన్నిటిని తెరలతో కప్పేశారు. ఆస్బెస్టాస్ అనే పేరు ఉంటే చాలు, మిగతావి పట్టించుకోనక్కర్లేదన్న ధీమా అప్పటికే ఉంది మరి.

సరే, ఎవరు మూల్యం చెల్లించారో చూద్దాం. తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే నాకు కోపం వచ్చే చోటు ఇదే.

1924లో ఇంగ్లాండ్‌లోని రోచ్‌డేల్‌లో ఆస్బెస్టాస్ నూలు వడికే కార్మికురాలు నెల్లీ కెర్షా 33 ఏళ్లకే చనిపోయారు. ఆమె ఊపిరితిత్తుల్లో ఆ ఖనిజపు పోగులు కనిపించాయని డాక్టర్ విలియం కుక్ రాశారు. ఆ జబ్బుకు ఆస్బెస్టోసిస్ అని పేరు పెట్టారు. 1930లో బ్రిటిష్ ప్రభుత్వానికి మెరీవెదర్, ప్రైస్ ఇచ్చిన నివేదిక ఫ్యాక్టరీ కార్మికుల్లో ఇది ఎంత విస్తృతంగా ఉందో చూపించింది, మరుసటి ఏడాదే నిబంధనలు వచ్చాయి. ఆ నిబంధనలు ఫ్యాక్టరీలో దుమ్ము గురించి. సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే దేశంలో, అదే పదార్థాన్ని గొట్టంతో గాల్లోకి చిమ్మి దూలాలకు అంటించే పద్ధతి మార్కెట్‌లోకి వచ్చింది. ఫ్యాక్టరీ గోడల మధ్య దుమ్ము ప్రమాదమని తేలిన రెండేళ్లకే ఆ దుమ్ముకు కొత్త ఉద్యోగం దొరికిందన్నమాట.

1955లో బ్రిటిష్ వైద్య పరిశోధకుడు రిచర్డ్ డాల్ ఆస్బెస్టాస్ కార్మికుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువని గణాంకాలతో నిరూపించారు. 1960లో దక్షిణాఫ్రికాలో డాక్టర్ వాగ్నర్ బృందం మెసోథీలియోమా అనే, ఎక్కువగా ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే అరుదైన క్యాన్సర్ కేసులు 33 పోగుచేసింది. నీలి ఆస్బెస్టాస్ గనుల ప్రాంతం అది. ఆ రోగుల్లో గనిలో అడుగు పెట్టనివాళ్లూ ఉన్నారు, చిన్నప్పుడు ఆ చుట్టుపక్కల పెరిగారంతే. 1964లో న్యూయార్క్‌లో డాక్టర్ ఇర్వింగ్ సెలికాఫ్ 632 మంది ఇన్సులేషన్ కార్మికుల చరిత్ర తీసి, వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథీలియోమా మరణాలు ఎక్కువని చూపించారు. వీళ్లు ఫ్యాక్టరీ కార్మికులు కాదు, భవనాల్లో పనిచేసేవాళ్లు. అయినా అమెరికాలో ఆస్బెస్టాస్ ఫైర్‌ప్రూఫింగ్ స్ప్రేని నిషేధించడానికి 1973 దాకా పట్టింది. మధ్యలో మన్‌హటన్‌లో లేస్తున్న టవర్ల నుంచి ఆ పీచు వీధుల్లోకి రాలుతూనే ఉంది.

తెలియక చేశారు పాపం అనే మాట నేను ఒప్పుకోను. పనిచేసేవాళ్లకు తెలియదు, అది నిజం. అమ్మేవాళ్లకు తెలుసు. ఆస్బెస్టాస్ గురించి ఎంత తక్కువ మాట్లాడితే మనకు అంత మంచిదని 1935లోనే ఒక అమెరికన్ ఆస్బెస్టాస్ కంపెనీ అధ్యక్షుడు సమ్నర్ సింప్సన్ రాసిన ఉత్తరం దశాబ్దాల తర్వాత కోర్టుల్లో బయటపడింది.

పరిమితుల కథ చూసినా అంతే. అమెరికాలో పనిచేసే చోట ఘన సెంటీమీటరు గాలిలో ఎన్ని పోగులు ఉండొచ్చన్న పరిమితి 1971లో 12. తర్వాత 5, 1976లో 2, 1986లో 0.2, 1994 నుంచి 0.1. ఇరవై మూడేళ్లలో నూట ఇరవై వంతులు తగ్గింది. ఐరోపా సమాఖ్య 2023లో 0.01కి దించింది. ప్రతిసారీ అంతకుముందు ఉన్న అంకె చాలదని తేలింది. మొదటి పరిమితిని నమ్మి పనిచేసినవాళ్లకు తర్వాతి పరిమితి వల్ల ఒరిగేదేముంది?

శరీరంలో జరిగేది మరీ క్లిష్టంగా ఏమీ ఉండదు, కానీ మొండిగా ఉంటుంది. ఆస్బెస్టాస్ పోగు అడ్డంగా విరగడం కన్నా నిలువుగా చీలడం ఎక్కువ, చీలేకొద్దీ ఇంకా సన్నబడుతుంది. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దరిదాపుల్లో ఉంటే, తెల్ల ఆస్బెస్టాస్‌లోని ఒంటిపోగు మైక్రాన్‌లో కొన్ని వందో వంతులే. కంటికి కనిపించదు, వాసన లేదు, గొంతు మండదు, ఆ పూట దగ్గు కూడా రాదు. లోపలికి వెళ్లిన పొడవాటి పోగును శరీరపు రక్షక కణాలు మింగడానికి ప్రయత్నిస్తాయి, పొడవు సరిపోక సగంలో ఆగిపోతాయి, చిట్లి చుట్టూ వాపు తెస్తాయి. ఇది ఏళ్ల తరబడి సాగుతుంది. ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడటం ఒక దారి, క్యాన్సర్ ఇంకో దారి. మెసోథీలియోమా బయటపడటానికి 20 నుంచి 50 ఏళ్లు పట్టొచ్చు. బయటపడ్డాక చాలామందికి మిగిలేది ఏడాది, ఏడాదిన్నర.

సిగరెట్ సంగతి కూడా చెప్పాలి. సెలికాఫ్, ఆయన సహచరులు 1979లో ప్రచురించిన లెక్క ప్రకారం, రెండూ లేనివాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ముప్పు ఒకటి అనుకుంటే, ఆస్బెస్టాస్ పని మాత్రమే చేసినవాళ్లకు సుమారు 5, పొగ మాత్రమే తాగేవాళ్లకు 11, రెండూ ఉన్నవాళ్లకు 53. దీన్ని పట్టుకుని తప్పంతా సిగరెట్‌దేనని తోసేయాలని కంపెనీలు బాగానే ప్రయత్నించాయి. మెసోథీలియోమాకు మాత్రం పొగతో సంబంధం లేదు, ఆ ఎత్తు అక్కడ పారలేదు.

ఇప్పుడు ఈ అంకె చూడండి. బ్రిటన్‌లో 2009లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, 1940లలో పుట్టి, ముప్పై ఏళ్లు నిండేలోపే పదేళ్లకు పైగా వడ్రంగి పని చేసినవాళ్లలో ప్రతి 17 మందిలో ఒకరికి మెసోథీలియోమా ముప్పు. గని కార్మికులు కాదు, స్ప్రే కొట్టినవాళ్లు కాదు, వడ్రంగులు! ఎందుకు? అగ్నిరక్షణ కోసమే తయారైన ఆస్బెస్టాస్ బోర్డుల వల్ల. గోధుమరంగు ఆస్బెస్టాస్ 15 నుంచి 40 శాతం దాకా కలిపిన పలకలు అవి. మంట ఒక గది నుంచి ఇంకో గదికి పాకకుండా గోడలకు, సీలింగులకు, తలుపులకు బిగించేవాళ్లు. ఆ పలకల్ని రంపంతో కోసి, డ్రిల్లుతో తూట్లు పెట్టి, పొట్టు ఊడ్చి, సాయంత్రం అదే చొక్కాతో ఇంటికెళ్లారు. 1965లో లండన్‌లో చేసిన అధ్యయనంలో, ఫ్యాక్టరీలో పనిచేసిన భర్తల బట్టలు ఉతికిన ఆడవాళ్లకూ ఈ క్యాన్సర్ వచ్చినట్టు తేలింది.

అగ్నిప్రమాదంలో బతికి బయటపడిన ఆఫీసు ఉద్యోగిని ఒకవైపు, ఆ తలుపు కోసిన వడ్రంగిని, ఆయన భార్యని ఇంకోవైపు పెట్టి తూచడానికి నాకు మనసొప్పదు. ఇద్దరూ బతికే దారి ఉన్నప్పుడు అసలు తక్కెడ ఎందుకు తీయాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో పనిచేసే చోట ఆస్బెస్టాస్ వల్ల ఏటా 2 లక్షల మందికి పైగా చనిపోతున్నారు. తెల్ల ఆస్బెస్టాస్ మిగతావాటంత ప్రమాదం కాదు, జాగ్రత్తగా వాడుకోవచ్చని గనులు నడుపుతున్న రష్యా, కజకిస్తాన్ ఇప్పటికీ వాదిస్తున్నాయి. మెసోథీలియోమా విషయంలో నీలి, గోధుమ రకాలు ఇంకా ఘోరమన్నది నిజమే. కానీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్ని రకాలనూ మొదటి వర్గంలోనే, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలోనే పెట్టింది. జాగ్రత్తగా వాడటమనేది ఫ్యాక్టరీ గేటు దాటాక ఎవరి చేతిలో ఉంటుంది? ముప్పై ఏళ్ల తర్వాత ఆ గోడకు మేకు కొట్టేవాడి చేతిలో. వాడికి అది ఆస్బెస్టాస్ అనే తెలియదు.

ఇంతవరకూ చదివి "అయితే ఎక్కడుంటే అక్కడ పీకేయాలి" అనుకునేవాళ్లతోనూ నాకు తగాదా ఉంది.

ఆస్బెస్టాస్ ఉన్నంతమాత్రాన ముప్పు కాదు. అది గాల్లోకి లేస్తేనే ముప్పు. సిమెంటు రేకులో 10, 15 శాతం ఉండే పోగు గట్టిగా బిగిసి ఉంటుంది, కోయకుండా, విరగకుండా, మంటల్లో పడకుండా ఉంటే పెద్దగా వదలదు. స్ప్రే పూత వేరు, అది చెయ్యి తగిలితే రాలుతుంది. రెంటికీ ఒకే మందు వేయకూడదు. 1980లలో అమెరికాలో భయం పాకి, అరకొర శిక్షణ ఉన్న కాంట్రాక్టర్లతో హడావుడిగా తీయించిన చోట్ల, తీయకముందు కన్నా తర్వాతే గాల్లో పోగులు ఎక్కువయ్యే పరిస్థితి వచ్చింది. అక్కడి పర్యావరణ సంస్థే 1990లో, బాగున్నదాన్ని కప్పి, కనిపెట్టుకుని ఉండటం చాలాచోట్ల మేలని మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. 1993లో న్యూయార్క్ నగరంలో బడులు తెరవడమే ఆలస్యమైంది, కారణం అంతకుముందు చేసిన ఆస్బెస్టాస్ తనిఖీలు నమ్మదగ్గవి కావని తేలడం.

పీకేయక తప్పని చోట్ల ఖర్చు ఎలా ఉంటుందో ఐరోపాలో చూడొచ్చు. బెర్లిన్‌లో తూర్పు జర్మనీ పార్లమెంటు ఉన్న రిపబ్లిక్ ప్యాలెస్‌ని 1976లో తెరిచారు. ఉక్కు చట్రానికి సుమారు 5,000 టన్నుల ఆస్బెస్టాస్ పూత. 1990లో మూసేశారు, అంటే వాడింది పద్నాలుగేళ్లు. 1998 నుంచి 2003 దాకా ఆస్బెస్టాస్ గీకారు, ఆ తర్వాత మిగిలిన అస్థిపంజరాన్ని కూల్చేశారు. బ్రసెల్స్‌లో యూరోపియన్ కమిషన్ కార్యాలయం బెర్లేమాంట్‌ని 1991లో ఖాళీ చేయిస్తే మళ్లీ అందులోకి వెళ్లింది 2004లో. పారిస్‌లోని జ్యూసియూ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో పరిశోధకులే తమ నెత్తిమీది పూత గురించి 1970లలో ఉద్యమం మొదలుపెట్టారు. అక్కడ తొలగింపు దాదాపు ఇరవై ఏళ్లు సాగింది. ఈ భవనాలు కట్టినప్పుడు స్ప్రే చవకని ఎంచుకున్నారు. ఆ చవకలో ఇవేవీ కలపలేదు.

నేను పనిచేసిన ఒక పాత భవనంలో జరిగింది చెప్తాను. నెట్‌వర్క్ కేబుల్ లాగడానికి ఒక కుర్రాడు ఫాల్స్ సీలింగ్ పలక తీసి తల లోపలికి పెట్టాడు. దూలం నిండా బూడిదరంగు పీచు, కేబుల్ రాసుకున్నప్పుడల్లా కింద కంప్యూటర్ల మీద పొడిగా రాలుతోంది. మెయింటెనెన్స్ చూసే ఆయన్ని అడిగాను, "ఏంటండీ అది?" "ఫైర్‌ప్రూఫింగ్ సార్, ఏదో ఉన్ని, ఏం కాదు." రికార్డు ఉందా అంటే భవనం చేతులు మారినప్పుడు పాత ఫైళ్లు పోయాయన్నారు. అది మామూలు ఖనిజ ఉన్నే అయ్యుండొచ్చు, ఆస్బెస్టాసూ అయ్యుండొచ్చు. కంటితో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు, ముక్క తీసి ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద పెట్టాలి. ఆ కుర్రాడు అలాంటి పలకలు రోజుకు ఎన్ని తీస్తాడో. నేను టెన్షన్ పడి పక్క గదికి వెళ్లగలిగాను, అతను వెళ్లలేడు.

నా దృష్టిలో ఈ మొత్తం గొడవలో అన్నిటికన్నా తక్కువ ఖర్చయ్యేదీ, అన్నిటికన్నా నిర్లక్ష్యమయ్యేదీ ఆ రికార్డే. బ్రిటన్‌లో ఇళ్లు కాని భవనాల యజమానులకు ఇది చట్టబద్ధమైన బాధ్యత: ఎక్కడుంది, ఏ రకం, ఏ స్థితిలో ఉంది అన్నది రాసి పెట్టుకోవాలి, ఎప్పటికప్పుడు చూసుకోవాలి, పని చేయడానికి వచ్చినవాడికి ముందే చూపించాలి. తెలియకపోతే ఉన్నట్టే అనుకుని పని చేయాలి. అంటే పొడిగా కోయడం, ఊడ్చడం, మామూలు వాక్యూమ్ క్లీనర్ పెట్టడం ఉండకూడదు, అది పోగుల్ని పట్టకపోగా గది నిండా వెదజల్లుతుంది. స్ప్రే పూతను ముట్టుకోవాల్సి వస్తే ఆ భాగాన్ని మూసేసి, లోపలి గాలి బయటికి రాకుండా చేసి, తడిపి, సరైన మాస్కులతో శిక్షణ ఉన్నవాళ్లే చేయాలి. భవనం కాలినా, కూల్చినా ఇదే వర్తిస్తుంది. అగ్నిప్రమాదం ఆరాక శిథిలాల్లోకి వెళ్లే ఫైర్ సిబ్బంది గురించి, ఆస్బెస్టాస్ ప్రాణరక్షణ గురించి మాట్లాడేవాళ్లు ఎందుకో ఎప్పుడూ మాట్లాడరు.

ప్రత్యామ్నాయాలనూ గుడ్డిగా నమ్మమని నేను చెప్పడం లేదు. అమెరికాలో వర్మిక్యులైట్ చాలావరకు వచ్చింది మాంటానాలోని లిబ్బీ గని నుంచి. ఆ ఖనిజంలోనే ఆస్బెస్టాస్ జాతి పోగులు కలిసి ఉన్నాయి. గని 1990లో మూతపడింది, 2009లో ఆ పట్టణంలో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించారు. మారుపేరుతో పాత జబ్బే వచ్చిందక్కడ. ఇప్పుడు వాడే జిప్సమ్ బోర్డులు, కాల్షియం సిలికేట్ పలకలు, వేడికి ఎన్నో రెట్లు ఉబ్బి ఉక్కు మీద నురగలా గట్టిపడే పెయింట్లు, వీటి ముడిసరుకు ఎక్కడిది, దుమ్ము ఎలాంటిది అని అడుగుతూనే ఉండాలి. అడిగితే జవాబు దొరుకుతోంది, పోగు శరీరంలో ఎంతకాలం నిలుస్తుందో పరీక్షిస్తున్నారు. 1935లో ఆ ఉత్తరం రాసినవాళ్లకు అడిగేవాళ్లే అడ్డం.

2022లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఒకటి, ఇళ్లు కాని భవనాల నుంచి 40 ఏళ్లలోగా ఆస్బెస్టాస్ అంతా తొలగించాలని గడువు పెట్టమంది. అలాంటి భవనాలు సుమారు 3 లక్షలు ఉంటాయని అంచనా. ప్రభుత్వం గడువుకు ఒప్పుకోలేదు, ఉన్నచోట ఉంచి నిర్వహించడమే మేలంది. హడావుడి వద్దని పైన రాసింది నేనే అయినా, ఇక్కడ కమిటీ వైపే ఉంటాను. పూతకూ వయసు మీద పడుతుంది. నీళ్లు కారి తడుస్తుంది, కదలికలకు అదిరి ఊడుతుంది. గడువు లేని నిర్వహణ అంటే ఫైళ్లు పోయేదాకా ఆగడమే. పైగా 40 ఏళ్లేమీ తొందర కాదు, ఒక ఎలక్ట్రీషియన్ పనిలో చేరి రిటైరయ్యేంత కాలం. బడులతో, ఆస్పత్రులతో మొదలుపెట్టాలి, అందులోనూ స్ప్రే పూతలూ పలకలూ ముందు. సిమెంటు రేకులు చివర్లో చూసుకోవచ్చు. ఏ భవనానికైనా మరమ్మతు కాంట్రాక్టు రాసే ముందే యజమాని సొంత ఖర్చుతో సర్వే చేయించి, ఆ కాగితాన్ని కాంట్రాక్టరు ఆఫీసుకు కాకుండా నిచ్చెన ఎక్కేవాడి చేతికి ఇచ్చేలా నిబంధన ఉండాలి.